ఉసిరు తగొళ్ళి, బిడి

ఐదూ యాభైకి లాల్‌బాగ్, సిద్ధాపుర గేటు.
షూ లేసుకి రెండు ముళ్ళు.
మొదటి రౌండు నాది, రెండోదీ నాదే.
మూడోది మాత్రం
నిన్న రాత్రి మేడమీద కాల్చిన రెండింటిది.

బండమీద పుట్టస్వామయ్య గారు చేతులెత్తుతారు.
గడియారాల ఫ్యాక్టరీలో ముప్ఫై మూడేళ్ళు.
ఫ్యాక్టరీ మూతపడింది,
ఆయన అంకెలు మూతపడలేదు.
"ఉసిరు తగొళ్ళి...
ఒందు, ఎరడు, మూరు..."
ఎంటు దాకా లాగి, అప్పుడు,
"బిడి."

మొదటి రోజు నవ్వు ఆపుకోలేకపోయాను.
హిందూపురం చెవులు నావి.
మా వైపు ఉసురు తీసుకోవడమంటే
ఎవరి ప్రాణమో పోవడం.
ఇక ఆ చివరి మాట,
ఇరవై మంది మధ్య, తెల్లారగట్ల,
నన్ను పేరు పెట్టి పిలిచినంత స్పష్టంగా:
బీడీ.

గేటు బయట కుడి మలుపులో కండిమెంట్స్ కొట్టు.
మగవాళ్ళకి సిగరెట్టు వట్టి చేతికిస్తాడు కుర్రాడు.
నాకు మాత్రం కన్నడ పేపరు ముక్కలో చుట్టి,
మందుల షాపులో ఆ ప్యాకెట్టు చుట్టినట్టే,
మొహం పక్కకి తిప్పుకుని.
పద్దెనిమిది రూపాయలు. ఏలక్కాయ ఊరికే.
ఒకసారి చుట్టొద్దన్నాను.
"పరవాగిల్ల మేడం" అని
ఇంకో మడత పెట్టాడు.

ఆఫీసు మెట్ల కింద పొగ స్నేహితులకి
నేను పరిగెడతానని చెప్పలేదు.
చెబితే నవ్వుతారు.
పరుగు స్నేహితులకి రెండోది చెప్పలేదు.
చెబితే నవ్వరు.
పది కిలోమీటర్ల పతకం ఉంది, ఇత్తడి రంగుది,
అది దాచిన బిస్కెట్ల డబ్బాలోనే లైటరు.
లిఫ్టు పాడైన రోజు
మూడో అంతస్తు దగ్గర ఛాతీలో సన్నటి ఈల.
పక్కింటి కుక్కరనుకుంటాను.

ఆషాఢం తుంపర. గురువారం.
వ్యాయామం మధ్యలోనే అందరూ చెదిరిపోయారు.
పాల వ్యాను వెనక్కి నేను,
చేతిలో పేపరు పొట్లంతో.
అక్కడ అప్పటికే ఒకరు.
చెవుల దాకా మంకీ క్యాపు,
వేళ్ళ మధ్య ఎర్రటి చుక్క.

ఆయన నా పొట్లం చూశారు.
నేను ఆయన వేళ్ళు చూశాను.
ఎంతసేపో తెలీదు.
ఎప్పుడూ అన్నీ లెక్కపెట్టే మనిషి
అది మాత్రం లెక్కపెట్టలేదు.

నా లైటరు తడిసింది. అంటుకోదు.
ఆయనే అగ్గిపుల్ల గీసి,
రెండు చేతుల్లో గాలికి అడ్డం పెట్టి పట్టుకున్నారు.
వెంట్రుకంత స్ప్రింగులు బిగించిన వేళ్ళు,
వణకలేదు.
"డాక్టరు రెండు చెప్పినారమ్మా,"
వచ్చీరాని తెలుగులో,
"ఒకటి చేస్తా ఉండాను."

నవ్వాలో లేదో తేలకముందే దగ్గారు.
వానకి ఒంగిన గొడుగులాగా అయిపోయి
వ్యాను మీద చెయ్యి పెట్టి, తేరుకుని,
ప్యాంటు జేబు వెతికి
రెండు ఏలక్కాయలు తీశారు.
ఒకటి నాకు.

తొమ్మిది నెలలుగా
బండమీద ఆ ఏలక్కాయ వాసన నాదే అనుకుని
చివరి వరసలో, గాలి అటు వీచే మూల,
ఎవరికీ తగలకుండా నిలబడ్డాను.

మర్నాడు ముందు వరసలో నిలబడ్డాను.
ఆయన నన్ను చూడలేదు. చూడనట్టు చూడలేదు.
రాత్రి వానకి బండ ఇంకా చల్లగా ఉంది,
ఒక కుక్క మా మధ్యలోంచి తీరిగ్గా నడిచిపోయింది.
"ఉసిరు తగొళ్ళి."
తీసుకున్నాం.
నాలుక్కీ ఐదుక్కీ మధ్య
సన్నటి ఈల వినపడింది.
నాదో ఆయనదో.
ఇక్కడ కుక్కర్లు లేవు.

బిడి అంటే వదలండని అర్థం.
ఏది వదలాలో
ఆ మాటలో లేదు.

ఆరు. ఏళు.
"బిడి," అన్నారాయన.
ఇరవై మందీ వదిలేశారు,
అంకె తగ్గిందని ఎవరూ చూసుకోలేదు.
నేను మాత్రం
ఆ ఎనిమిదోదాన్ని లోపలే పట్టుకుని
ఇంకాసేపు నిలబడ్డాను.